మరకల రిజిస్టరు

స్కోరు నాకెవరూ చెప్పక్కర్లేదు.
శనివారం రాత్రి పదిన్నరకి
నాలుగు తోపుడు బుట్టలు దొర్లుకుంటూ
జిమ్ కింది నేలమాళిగలోకి వస్తాయి.
మూత తీస్తే వాసనే చెప్పేస్తుంది.
గెలిచిన చెమట, ఓడిన చెమట ఒకటి కాదు.
నమ్మకపోతే మీ ఇష్టం,
పందొమ్మిదేళ్లుగా పిండుతున్న చేతులివి.

పేరుకి ఫుట్‌బాల్. మా దక్షిణ డకోటాలో
కాళ్లతో కంటే భుజాలతో ఎక్కువ ఆడతారు.
కాలేజీలో ఉన్నదే ఆరొందల మంది పిల్లలు,
అందులో డెబ్భై రెండు మంది
మాసి మాసి నా దగ్గరికి వస్తారు.

సెప్టెంబరులో పసరు.
మోకాళ్లకీ మోచేతులకీ.
వెనిగరులో గంట నానబెడితే మాట వింటుంది.
మొదటి రెండు ఆటలూ గెలిచారు.
కోచ్ హాగ్‌స్ట్రమ్ తనే మెట్లు దిగొచ్చి
"ఈ ఏడు మనదే, ఆర్డిస్" అన్నాడు.
ఆయన కాలరు మీద కాఫీ మరక.
అది నా పద్దులోకి రాదు.

అక్టోబరులో నెత్తురు.
నెత్తురుకి చన్నీళ్లే. వేడినీళ్లు పోశారో
గుడ్డ పగబట్టినట్టు పట్టేసుకుంటుంది, ఇక వదలదు.
యాభై ఎనిమిది, టోబియాస్ రెంకెన్,
మెడ కింది ఎముక విరిగింది.
అంబులెన్సులో నిట్టనిలువునా కోసిన జెర్సీ
రెండు ముక్కలై నా బల్ల మీదికొచ్చింది.
కుట్టాను.
అయిదుకీ ఎనిమిదికీ మధ్య
కాస్త ఎడం మాత్రం మిగిలిపోయింది.
ఓటములు అప్పటికి నాలుగు.
కోచ్ మెట్లు దిగడం మానేశాడు.

ఇరవై మూడు మాత్రం
వారం వారం మడత నలగకుండా వచ్చేది.
బెంచీ మీద కూర్చునే కుర్రాడు, ఓరిన్ స్కాగ్స్.
అయినా ఉతికేదాన్ని.
మాసినవాటితో పాటు మాయనిదీ
తిరగాలి కదా డ్రమ్ములో.

ఆ నెల ఆఖరి శనివారం అది పసరుతో వచ్చింది!
గబగబా దీపం కిందికి పట్టుకెళ్లాను.

పడ్డవాడి పసరు ఒకవైపుకి సాగుతుంది.
మోకాలి మీద మొదలై తుంటి దాకా ఈడ్చుకుపోతుంది,
మట్టిని వెంటేసుకుని.
ఇది గుండ్రంగా ఉంది. రొమ్ము మీద, ఒక్కచోటే.
గుప్పెడు గడ్డి పీకి
ఎవరూ లేనిచోట నిలబడి రుద్దుకున్న మరక.

ఆ రోజు వాళ్ల నాన్న వచ్చాడట,
వ్యోమింగ్ నుంచి, తొమ్మిది గంటలు ట్రక్కు తోలుకుంటూ.
దారిలో టైరు పేలి
రెండో సగం మొదలయ్యాక గానీ చేరలేకపోయాడట.

ఎవరితోనూ అనలేదు నేను.
వెనిగరు సీసా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.
ఉత్త నీళ్లలో జాడించి
ఆ పచ్చని అలాగే ఉంచి ఆరేశాను.
సోమవారం ఎవరో పై మెట్టు దాకా వచ్చారు.
బూట్లు మాత్రమే కనిపించాయి, లేసులు ఊడి.
కాసేపు నిలబడి
దిగకుండానే వెళ్లిపోయాయి.

నవంబరులో మంచు.
మంచుకి మరక ఉండదు, బరువే.
తడిసిన జెర్సీ ఎత్తితే
లోపల మనిషింకా ఉన్నాడేమో అనిపిస్తుంది.
ఆఖరి ఆట ముప్పై ఒకటికి మూడు.
మొత్తం రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు.
ఇరవై మూడు ఆ రోజూ ఆడలేదు.
చివరి నిమిషంలో దింపారని చెబితే బాగుండేది,
దింపలేదు.

సీజను అయ్యాక లెక్క అప్పజెప్పాలి.
డెబ్భై రెండులో డెబ్భై ఒకటి తేలాయి.
"ఇరవై మూడేదీ?" అన్నాడు కోచ్.
"చివికిపోయింది. పారేశాను."
పందొమ్మిదేళ్లలో నా చేతిలో
ఒక్క గుడ్డా చివకలేదని ఆయనకి తెలుసు.
చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి
సంతకం పెట్టాడు.

పసరు మరక ఎండ తగిలితే వెలిసిపోతుంది.
పెట్టెలో, చీకట్లో దాచుకోవాలి.
ఈ ఒక్క మాట ఆ పిల్లాడికి చెప్పాల్సింది.
మరిచిపోయాను.